మూడో నంబరు ఉత్తరం

ఉత్తరం 1
కిటికీ గది, జనవరి 8
నీ నుంచి అందినవి: ఇంకా ఏమీ లేవు

చిరంజీవి గలగలకు,

మామయ్య దీవెనలు. ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటి, ఈయనకు మతిగానీ తప్పిందా అని నువ్వు అనుకునేలోపే చెబుతున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఊరందరి మాటలూ నా చెవిలోంచే పోయాయి. రిటైరైన రోజున నా చెవికి మాటిచ్చాను, ఇంక నీ జోలికి రానని. మాట తప్పడం నాకు కొత్త కాదు గానీ, చెవికిచ్చిన మాట తప్పితే అది పక్కనే ఉండి రోజూ దెప్పుతుంది.

ముందుగా మన ఉత్తరాల రూలు. ప్రతి ఉత్తరానికీ నంబరు వెయ్యాలి. పైన, అవతలివాళ్ళవి ఏయే నంబర్లు అందాయో రాయాలి. ఒకటి దారిలో పోతే పోయిందని తెలుస్తుంది. తెలిస్తే చాలు, మళ్ళీ రాసి పంపొద్దు. పాచి కబురు మళ్ళీ వడ్డిస్తూ కూర్చుంటే వేడి కబురు చల్లారిపోతుంది. ఊళ్ళ మధ్య నడిచే ట్రంకు లైనుకు అవతలి చివర కూర్చునే నా స్నేహితుడూ నేనూ ఇరవయ్యేళ్ళు ఇలాగే రాసుకున్నాం. వాడి 212వ నంబరు నాకు రాలేదు. 213లో "అందుకే మొత్తానికి మానేశాను" అని ఉంది. ఏం మానేశాడో వాడు చెప్పలేదు, రూలు ప్రకారం నేనూ అడగలేదు. వాడు పోయి ఆరేళ్ళయింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఏం మానేసుంటాడా అని ఆలోచిస్తుంటాను. సిగరెట్లు మాత్రం కాదు.

ఇక అసలు సంగతి. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి మీ అత్తయ్యకు మాట పడిపోయిందని నీకు తెలిసిందే. కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి. మాట మాత్రం గుమ్మం దాకా వచ్చి చెప్పులు వెతుక్కుంటోంది. ఇక్కడి చిన్న క్లినిక్కు వెనక గదిలో ఒక మెషిను పెట్టారు. వారానికోసారి దాని ముందు కూర్చుంటే, మీ ఆసుపత్రి నుంచి మాటల టీచరమ్మ తెర మీదికొచ్చి బొమ్మలు చూపిస్తూ మాట్లాడిస్తుంది. ఆవిడ కూర్చునే మేడలోనే నువ్వు మెషిన్లు చూసుకుంటున్నావు కాబట్టి నీకు రాస్తున్నాను. అడగందే అమ్మైనా పెట్టదు, మేనకోడలు పెడుతుందా?

మొదటి పాఠంలో టీచరమ్మ పెదవులు కదిలాయి, మాట రాలేదు. పది సెకన్లయ్యాక మూడు మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, రద్దీ బస్సులోంచి దిగినట్టు. ఎవరో వచ్చి ఇంకో పద్ధతికి మార్చారు. ఈ పొద్దున రెండో పాఠంలో మాట బాగానే వచ్చింది. కానీ క్లినిక్కంతటికీ ఉన్నది ఒక్క సన్నలైను. ఎక్స్-రేలు కూడా అందులోంచే పెద్ద డాక్టరుకు పోవాలి. నర్సమ్మ లోపలికొచ్చి, "మీ ఆవిడ మాట్లాడేలోపు బయటున్నాయన విరిగిన కాలు దానంతటదే అతుక్కునేట్టుందండీ" అంది.

మొత్తం పన్నెండు పాఠాలు. పన్నెండోది అయ్యాక టీచరమ్మ రిపోర్టు రాస్తుంది. మెరుగుంటే పొడిగిస్తారు. లేకపోతే ఈ సీటు క్యూలో ఉన్న మరొకరికి పోతుంది. క్యూలో నలభై మంది ఉన్నారట. రెండు పాఠాలు లైనే మింగేసింది. ఏదైనా దారుందా?

మీ మామయ్య


ఉత్తరం 1
మెషిన్ల గది, రెండో అంతస్తు, జనవరి 13
మీవి అందినవి: 1

మామయ్యా,

నేను ఉత్తరం రాసి పదకొండేళ్ళయింది. మూడు కాగితాలు చింపాను. మాట్లాడినంత వేగంగా చెయ్యి కదలట్లేదు.

దారుంది. మీ లైనులో మాట చిన్న చిన్న ముక్కలై పోతుంది, వాటిని పంపే పద్ధతులు మీరు రెండే చూశారు. మొదటిది రిజిస్టరు పోస్టు. ప్రతి ముక్కా చేరాలి, వరసలోనే చేరాలి. ఒక్కటి పోతే అది మళ్ళీ వచ్చేదాకా మిగతావన్నీ గుమ్మంలో నిలబడాలి. అందుకే మీకు మాటలు గుంపుగా దిగాయి. రెండోది కళ్ళు మూసుకుని గుమ్మరించడం. దారిలో ఎవరున్నారో చూడదు. కాలు విరిగినాయన్ని తొక్కేసింది అదే.

మూడోది ఒకటుంది. అసలు పేరు మూరెడు పొడుగు, మా గదిలో దాన్ని "చూసి నడిచేది" అంటాం. ప్రతి ముక్కకీ నంబరు వేస్తుంది. ఏవి అందాయో అవతలివైపు చెబుతుంది. పోయినదాన్ని మళ్ళీ పంపదు, ఎందుకంటే మాటలో పోయిన ముక్క అర నిమిషం తర్వాత వస్తే ఎవరికి పనికొస్తుంది? కానీ ముక్కలు పోతున్నాయంటే దారి ఇరుగ్గా ఉందని గ్రహించి, తనే నడక తగ్గించుకుంటుంది. మామయ్యా, ఇది అచ్చంగా మీ ఉత్తరాల రూలు! దీన్ని కనిపెట్టినవాళ్ళకు మీ 212 సంగతి ఎవరో చెప్పుంటారు.

చిక్కేమిటంటే ఇది రెండు చివర్లా ఉండాలి. ఇక్కడ నేను పెడతాను. అక్కడ క్లినిక్కు మెషిన్లో, నర్సమ్మనడిగి, మీరు పెట్టాలి. మెషిన్లో కెర్నెల్ అని ఒకటుంటుంది. ఇంట్లో అత్తయ్య ఎలాగో మెషిన్లో అది అలాగ. వచ్చేదెవరు, పోయేదెవరు, ఎవరికి ఏ గది, అంతా ఆవిడ చేతి మీదుగానే. ఆ కెర్నెల్ని మళ్ళీ తయారు చెయ్యాలి. దానికి ముందు అది వరసగా ప్రశ్నలు చూపిస్తుంది. ఒక్కోదానికి మూడు జవాబులు. వై అంటే నీలోనే కలిపేసుకో. ఎన్ అంటే వద్దు. ఎం అంటే విడిగా చేసి పక్కన పెట్టుకో, కావాలంటే పిలుద్దాం. చూసి నడిచేదానికి ఎం కొట్టండి. దాని లోపల రద్దీని చూసుకునే తీరులు రెండుంటాయి, రెండో నంబరూ మూడో నంబరూ. మూడో నంబరు మనకు కావాలి. ఒకటో నంబరు ఏమైందో నాకూ తెలియదు, అది మీ 212 లాంటిదే. మెట్టు మెట్టుగా వేరే కాగితం మీద రాశాను. మిగతా ప్రశ్నల్ని ముట్టుకోకండి. ముట్టుకోవద్దంది ఎందుకో చూద్దామని కూడా ముట్టుకోకండి.

మా పెద్ద ఇంజనీరును మేం వద్దుగారు అంటాం, ఏదడిగినా మొదట వచ్చే మాట అదే కాబట్టి. "దాన్ని వాడేవాళ్ళెవరమ్మా? కొత్త కెర్నెళ్ళలో తీసేస్తున్నారు. వద్దు" అన్నారు. తర్వాత ఒప్పుకున్నారు. ఎలా ఒప్పుకున్నారో అడక్కండి.

అత్తయ్యను అడిగానని చెప్పండి.

గలగల


ఉత్తరం 2
కిటికీ గది, జనవరి 27
నీ నుంచి అందినవి: 1

గలగలా,

ముట్టుకున్నాను.

ముందు నా వాదన విను. నీ కాగితం పట్టుకుని నెట్‌వర్కు పేజీకి పోతుంటే దారిలో వందల ప్రశ్నలు. ఫలానాది కావాలా? ఫలానాది కావాలా? ఒక్కటీ నాకు పరిచయం లేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళను ఇంట్లో పెట్టుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం లేదు. కనబడ్డవాళ్ళకల్లా ఎన్ కొట్టుకుంటూ పోయాను. మీ వద్దుగారు చూస్తే నన్ను దత్తత తీసుకునేవాడు. అయిదు గంటలు పట్టింది తయారు కావడానికి. మెషిను వేడెక్కి ఒకటే రొద. నర్సమ్మ రెండుసార్లు తొంగిచూసి "పేలదు కదా?" అంది. "పేలితే వైద్యం దగ్గర్లోనే ఉందిగా" అన్నాను. నవ్వలేదు.

మొత్తానికి లేచింది. చక్కగా తెర వెలిగింది. పేరు కొట్టమంది. కొట్టాను. మళ్ళీ కొట్టాను. నేను పొమ్మన్నవాళ్ళలో కీబోర్డు కూడా ఉందమ్మా. అదేం పేరుతో వచ్చి నిలబడిందో నాకేం తెలుసు? ఇంటి తాళంచెవి లోపల పెట్టి తలుపు బయట నుంచి వేసుకున్నట్టయింది.

పాత కెర్నెల్ పక్కనే ఉంటుందని, లేచేటప్పుడు మొదటి తెర మీద దాన్ని ఎంచుకోవచ్చని నువ్వు కాగితం వెనక రాశావు చూడు, ఆ ఒక్క వాక్యానికి నీకు నూరేళ్ళ ఆయుష్షు. ఆ తెర దగ్గర మాత్రం కీబోర్డు పలికింది. మర్నాడు బుద్ధిగా, చెయ్యి వెనక్కి కట్టుకున్నంత పని చేసి, నువ్వు చెప్పినవి మాత్రమే కొట్టాను.

నాలుగో పాఠం దాని మీదే జరిగింది. మాట వెంటనే వచ్చింది. ఎక్స్-రేలు పోయాయి. నర్సమ్మ నాకు కుర్చీ వేసింది.

కానీ ఒక చిక్కు. టీచరమ్మ కప్పు బొమ్మ చూపించింది. మీ అత్తయ్య కాసేపటికి "కప్పు" అంది. టీచరమ్మకు "ప్పు" అనే వినబడిందట. తలుపుకు "లుపు". అన్నిటికీ తల తెగిపోతోంది. ఆవిడ ఏదో రాసుకుంది. ఆ రాసుకోవడం నాకు నచ్చలేదు.

మామయ్య


ఉత్తరం 2
మెషిన్ల గది, ఫిబ్రవరి 2
మీవి అందినవి: 1, 2

మామయ్యా,

కీబోర్డు సంగతి మా గదిలో గోడకు అంటించారు. మీ పేరు అడిగితే "నిర్వాహకురాలి మేనమామ" అని రాశాను.

నవ్వు అయిపోయింది. టీచరమ్మ నిన్న నా దగ్గరికే వచ్చారు. "పోయిన వారాల కన్నా ఇప్పుడు స్పష్టంగా వినబడుతోంది, అందుకే భయంగా ఉంది. మొదటి అక్షరాలు లేవు. లైను బాగుంటే తప్పు ఆవిడ నోటిదన్న మాట. అలాగే రిపోర్టులో రాయాల్సొస్తుంది" అన్నారు. లైను బాగుందని నేను ఇంకా అనలేదని చెప్పి పంపాను.

చూస్తే, మీ చివర మూడో నంబరు తయారైంది గానీ వాడుకలో లేదు. చేసి పక్కన పెట్టారు, పిలవలేదు. ఇక్కడ నేను మూడు అంటున్నాను, అక్కడ మీ మెషిను రెండు అంటోంది. మాట మొదలయ్యే ముందే రెండు వైపులూ ఒప్పందానికి రావాలి. కుదరక రెండుకే దిగింది. రెండో నంబరుది దుడుకు స్వభావం. ఒక్క ముక్క పోతే చాలు, వేగాన్ని సగానికి కోసేస్తుంది, మళ్ళీ మెల్లగా ఎక్కుతుంది. ఫైళ్ళకు ఫరవాలేదు. మాటకు కుదుపు. మూడోది కొంతకాలం సగటు చూసుకుని, తగ్గినా పెరిగినా తెలియనట్టు తగ్గి పెరుగుతుంది. దాన్ని పిలిచే ఆదేశం ఇంకో కాగితం మీద రాశాను. ఉన్నదున్నట్టు కొట్టండి.

ఒక్క ప్రశ్న. దీనికి మాత్రం తప్పకుండా జవాబు రాయండి. ఇంట్లో మీతో మాట్లాడేటప్పుడు కూడా అత్తయ్య మొదటి అక్షరం మింగుతోందా?

గలగల


ఉత్తరం 4
కిటికీ గది, ఫిబ్రవరి 17
నీ నుంచి అందినవి: 1, 2

గలగలా,

నువ్వు రాసిన ఆదేశం ఉన్నదున్నట్టు కొట్టాను. చుక్కకు చుక్క. ఇప్పుడు మూడో నంబరే నడుస్తోంది. కుదుపు పోయింది. తలలు తెగడం కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఏడు పాఠాలయ్యాయి. ఇంకా అయిదున్నాయి.

ఇక్కడ ఎండ మొదలైంది. కిటికీకి కొత్త తెర కుట్టించాను. కుట్టినవాడు జానెడు తక్కువ చేశాడు. అడిగితే "తెర సరిగ్గానే ఉందండీ, మీ కిటికీయే ఎక్కువుంది" అన్నాడు.

రద్దీ గురించి నువ్వు రాసింది చదివితే మా ఎక్స్ఛేంజి రోజులు గుర్తొచ్చాయి. మాకు నాలుగే ట్రంకు లైన్లు, ఊరికి వెయ్యి నోళ్ళు. మా సూపర్వైజరు ఒకే మంత్రం నేర్పాడు: "మాట లేని లైను మొయ్యకు." ఇరవై సెకన్లు మాట వినబడకపోతే మీట వేసి లైనులోకి దూరి "మాట్లాడుతున్నారా?" అనాలి. రెండుసార్లు అనాలి. పలక్కపోతే తీగ పీకెయ్యాలి. నా వేళ్ళకు అది ఎంత అలవాటైందంటే, మీ అత్తయ్య పెళ్ళైన కొత్తలో "నేను కాసేపు ఊరుకుంటే చాలు, మీ చెయ్యి గాల్లో లేస్తుందేమిటండీ" అనేది.

ఒకసారి ఒకాయన ట్రంకు కాల్ బుక్ చేసి నాలుగు గంటలు కూర్చున్నాడు. లైను దొరికింది. అవతల భార్య. "నేనే" అన్నాడు. "ఊఁ" అందావిడ. అంతే. ఇరవై సెకన్లు, ముప్ఫై. రెండుసార్లు అడిగాను, పలకలేదు. పీకేశాను. ఆయన బూత్‌లోంచి బయటికొచ్చి నా కిటికీ దగ్గర నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. "మేం మాట్లాడుకుంటున్నామయ్యా" అన్నాడు, చాలా మెల్లగా. అప్పుడు మేమందరం నవ్వుకున్నాం. నెలల తరబడి అది మా బోర్డు దగ్గర సామెతైపోయింది. ఎవరైనా కునుకు తీస్తుంటే "మాట్లాడుకుంటున్నాడయ్యా" అనేవాళ్ళం.

ఎందుకు రాశానో తెలియదు. పేజీ నిండింది కదా.

మామయ్య


ఉత్తరం 3
మెషిన్ల గది, ఫిబ్రవరి 23
మీవి అందినవి: 1, 2, 4

ప్రియమైన మామయ్యకు,

మీ మూడు రాలేదు. టపాలో పోయిందనుకుందామంటే, నేనడిగిన ఒక్క ప్రశ్నకూ జవాబు నాలుగులో లేదు. అందుకని అది పోలేదనీ, మీ సొరుగులో ఉందనీ అనుకుంటున్నాను. తప్పైతే క్షమించండి.

మూడో నంబరు పెట్టాక కూడా తలలు తెగుతున్నాయన్నారు కదా, నేను కెర్నెల్లో ఇంకో సదుపాయం తెరిచాను. అది తను చేసే ప్రతి పనినీ డైరీ రాసుకుంటుంది. ఎనిమిదో పాఠం డైరీ నిన్న మొత్తం చదివాను. టీచరమ్మ బొమ్మ చూపిస్తారు. మీ వైపు నుంచి ఒకటి రెండు సెకన్లు ముక్కలు వస్తాయి. తర్వాత ఏమీ లేదు. తొమ్మిది సెకన్లు. పన్నెండు. ఒకచోట ఇరవై. తర్వాత హఠాత్తుగా మాట.

ఇక్కడే చూసి నడిచేదాని బుద్ధి. చాలాసేపు ఏమీ పంపకపోతే దారి ఇప్పుడెలా ఉందో దానికి తెలియదు. అందుకని మళ్ళీ మొదలెట్టేటప్పుడు భయపడుతూ, ఒక్కో అడుగే వేస్తుంది. ఆ తొలి అడుగుల్లోనే అత్తయ్య మొదటి అక్షరం చిక్కుకుపోతోంది. దాని తప్పు లేదు. దానికి తెలిసిన మర్యాద అది.

కానీ మామయ్యా, నాకు నిద్ర పట్టనిది వేరే. ఆ వెనక గదిలో ఫ్యానుంది. నర్సమ్మ చెప్పుల చప్పుడుంది. అత్తయ్య ఊరుకున్నా గది ఊరుకోదు. ఆ చప్పుడైనా ముక్కలుగా రావాలి. ఫ్యాను కూడా ఊరుకుందంటే, ఎవరో మైకు మూసే మీట నొక్కుతున్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, మీ ఇంటి దొంగను ఫ్యాను పట్టుకుంది.

కోపం లేదు. ఒట్టు. ఇంకా నాలుగు పాఠాలున్నాయి. మూడో నంబరు పంపండి. రూలు ప్రకారం పోయినదాన్ని మళ్ళీ రాయొద్దు. కానీ పంపనిదాన్ని పంపొచ్చు.

మీ గలగల


ఉత్తరం 5
కిటికీ గది, మార్చి 6
నీ నుంచి అందినవి: 1, 2, 3
దీనితో పాటు జతచేసింది: 3

అమ్మాయీ,

సొరుగులో కాదు, రేడియో కింద. మిగతా అంతా నువ్వనుకున్నట్టే. ముందు అది చదువు.

*ఉత్తరం 3. కిటికీ గది, ఫిబ్రవరి 9. గలగలా, నువ్వడిగిన దానికి జవాబు: లేదు. ఇంట్లో మీ అత్తయ్య అక్షరాలు మింగదు. చాలాసేపు పడుతుంది, కానీ వచ్చిన మాట నిండుగా వస్తుంది. తలలు కోస్తున్నది నేనే. మొదటి పాఠంలోనే టీచరమ్మ గొడుగు బొమ్మ చూపించింది. మీ అత్తయ్య చూస్తూ కూర్చుంది. టీచరమ్మ పెన్ను తీసి ఏదో రాసుకుంది. నలభై ఏళ్ళు ఇంటిల్లిపాదినీ మాటతో నడిపిన మనిషికి ఎవరో మౌనానికి మార్కులు వేస్తుంటే నేను చూడలేకపోయాను. అప్పట్నుంచీ తను ఆగగానే నా వేలు మీట మీదికి పోతోంది. మైకు మూస్తాను. చెవిలో "గొడుగు" అంటాను. తను నోరు తెరవగానే మైకు తెరుస్తాను. ముసలి వేలు, ఎప్పుడూ అర సెకను ఆలస్యం. నీ కెర్నెల్‌ని మూడు వారాలుగా అనవసరంగా తిట్టిస్తున్నాను. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. టీచరమ్మ విన్న ఆ సగం సగం మాటలు కూడా తనవి కావు, నావి. కంచే చేను మేసింది. ఇది నీకు పంపితే తనకు పరీక్షలో దొంగ సాయం చేశానని తేలి, సీటే పోతుందేమో. అందుకే...*

అక్కడ ఆపేశాను. పోస్టు చెయ్యలేదు. నాలుగు రాసి పంపాను. మూడు దారిలో పోయిందనుకుంటావని, రూలు చాటున దాక్కోవచ్చని నా తెలివి. ఆ రూలు పెట్టింది నేనే చూడు, దాన్ని ఎలా తప్పించుకోవాలో నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపించాను. ఫ్యాను దగ్గరికొచ్చేసరికి నవ్వింది. నా వైపు తిరిగి, నా చెయ్యి పట్టుకుని, చూపుడువేలు ఒక్కటే విడదీసి చిన్నగా గిల్లింది. తనకు అన్నీ ముందే తెలుసు. నా మాట కాదనలేక, నేనిచ్చిన మాటల్నే అప్పజెబుతూ వచ్చింది.

నిన్న పదో పాఠం. టీచరమ్మకు జరిగిందంతా నా నోటితో చెప్పాను. ఆవిడ తన కాగితాలు వెనక్కి తిప్పి చూసుకుంది. తర్వాత "చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోగలరా?" అంది. కూర్చున్నాను. బొమ్మ చూపించింది. కత్తెర. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. పది. ఇరవై. నా నోట్లో కత్తెర బండరాయిలా అడ్డం పడింది. ముప్ఫై. ముప్ఫై ఎనిమిదో సెకను దగ్గర మీ అత్తయ్య నోరు తెరిచింది.

"మీరు... కాసేపు... ఊరుకోండి."

నేను నోరు మెదపలేదమ్మా! పెదవులు మెదిపానట. టీచరమ్మ పెన్ను కింద పెట్టి నవ్వింది. తొమ్మిది నెలల తర్వాత మీ అత్తయ్య నోటి నుంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం. మొదటి అక్షరం తెగలేదు, చివరి అక్షరం తెగలేదు. తిట్టు ఇంత స్పష్టంగా మోసుకుపోయిన లైనును నేను ముప్ఫై నాలుగేళ్ళలో చూడలేదు.

కత్తెర ఇంకో పదిహేను సెకన్లకు వచ్చింది. అది కూడా తనదే.

మామయ్య


ఉత్తరం 4
మెషిన్ల గది, మార్చి 21
మీవి అందినవి: 1, 2, 4, 5, ఆలస్యంగా 3

మామయ్యా, అత్తయ్యా,

పన్నెండోది మొన్న అయింది. రిపోర్టు ఇవాళ చూపించారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మెరుగుదల నెమ్మది. మొదటి తొమ్మిది పాఠాల మార్కులు లెక్కలోకి తీసుకోలేదు. చివరి మూడింటిలో మాటలు ఆమెవే. మరో పన్నెండు పాఠాలు ఇవ్వాలి." కింద సంతకం, దాని కింద పెన్సిల్తో: "భర్త చేతులు తొడల కిందే ఉండాలి."

ఇప్పుడు నేను దాచినవి. వద్దుగారు అప్పుడు ఊరికే ఒప్పుకోలేదు. పన్నెండో పాఠం దాకా గడువు ఇవ్వండి, పని చెయ్యకపోతే నన్ను మెషిన్ల గదిలోంచి తీసి ఫిర్యాదులు రాసుకునే బల్లకు మార్చండని కాగితం మీద రాసిచ్చాను. నిన్న ఆ కాగితం పట్టుకుని వచ్చారు. పదో పాఠం వినిపించాను. ముప్ఫై ఎనిమిది సెకన్లు ఫ్యాను చప్పుడే. పది సెకన్లకు ఆయన "ఏమీ రావట్లేదు" అన్నారు. "వస్తోంది సార్, ప్రతి ముక్కా అందుతోంది, చూడండి" అని డైరీ చూపించాను. వరసగా నంబర్లు, ఒక్కటి తప్పకుండా. మధ్యలో ఒకచోట క్లినిక్కు నుంచి ఎవరో ఎక్స్-రే పంపారు, వేగం కాస్త తగ్గి మళ్ళీ పెరిగింది, తెగలేదు. అత్తయ్య మాట వచ్చేదాకా ఆయన కదల్లేదు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఈ కెర్నెల్ని మార్చకు. ఉండనీ" అన్నారు. ఆయన నోట వద్దు కాని మాట ఒకటుంటుందని మాకు తెలియదు.

రెండోది చెప్పడం కష్టం. అత్తయ్యకు జబ్బు చేసిన నెలకు నేను ఫోను చేశాను, గుర్తుందా? మీరు రిసీవరు తన చెవి దగ్గర పెట్టారు. తను "ఆఁ" అంది. ఆ తర్వాతి ఖాళీ నేను భరించలేకపోయాను. ఉద్యోగం, ఇల్లు, వాన, ఏదేదో ఆపకుండా పది నిమిషాలు నేనే మాట్లాడి పెట్టేశాను. మళ్ళీ చెయ్యలేదు. ఇన్ని ఉత్తరాల్లో "అడిగానని చెప్పండి" అన్నానే తప్ప ఒక్కసారి తనకు రాయలేదు. మీరు మీట నొక్కారు మామయ్యా, నేను ఫోనే పెట్టేశాను. మీ వేలిని పట్టుకున్న నేనే ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది.

అత్తయ్యా, నువ్వు ఏదైనా చెబితే వినాలని ఉంది. ఎంతసేపైనా సరే.

గలగల


ఉత్తరం 6
కిటికీ గది, ఏప్రిల్ 2
నీ నుంచి అందినవి: అన్నీ

గలగలా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకుంది. తర్వాత పెన్ను చూపించి, కాగితం చూపించి, నన్ను చూపించింది. తను చెబుతుంది, నేను రాయాలి. ఎక్స్ఛేంజిలో మెసేజీ రాసుకునే పద్ధతిలో రాస్తున్నాను. నా మాట ఒక్కటీ కలపను. బ్రాకెట్లలో ఉన్నవి సెకన్లు. గడియారం చూసి వేశాను. వాటిని వదిలేసి చదవకు. అవీ తనవే.

గలగలా. (6) నాకు (11) తెలుసు. (4) నువ్వు (9) భయపడ్డావు. (22) నేనూ.

(31)

నేను (8) బాగా (17)

ఇక్కడొక్క నిమిషం నా మాట, మన్నించు. "నేను బాగా" అన్నాక ఏం రాయాలో నాకు తెలుసనుకున్నాను. కొన్ని వేల ఉత్తరాల్లో చదివిన మాట, కొన్ని లక్షల కాల్స్‌లో విన్న మాట. పాత నేనైతే "ఉన్నాను" అని రాసేసి, కవరు అంటించి, చెప్పులేసుకునేవాణ్ణి. పెన్ను ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. పదిహేడు సెకన్లు. వచ్చింది:

లేను. (5) కష్టంగా (13) ఉంది. (26) కానీ (9) ఇప్పుడు (14) మీ మామయ్య (40)

నలభై. వేసింది సరిగ్గానే వేశాను. ఏం తిడుతుందోనని నేనూ చూస్తున్నాను.

(3) వింటున్నారు.